మూడో కుప్ప

మాచర్లలో మా వీధి చివర ఎవరో కొత్త ఇంటికి బండలు పరుస్తున్నారు. సుత్తి తగిలిన నాపరాయి ఖంగుమనగానే కీబోర్డు మీద నా వేళ్లు ఆగిపోయాయి. సైదయ్య బాబాయి ఉంటే, ఆ మోత విని బండలో పగులుందో లేదో ఇక్కడి నుంచే చెప్పేవాడు. ఆయన చుట్టం కాదు, మా పక్కింటి మనిషి. బతుకంతా క్వారీలోనే. ఆయన పని రాళ్లు కొట్టడం, నా పని అర్జీలు రాసి కొట్టేయించుకోవడం.

చంద్రుడి మీద తిరిగే బండి, భూమి నుంచి కబురు కోసం కాచుకోకుండా, ఏ రాయి దగ్గర ఆగాలో తానే తేల్చుకునేలా కృత్రిమ మేధకు నేర్పాలని నా పరిశోధన. కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాడికి అంత డబ్బెక్కడిది? అందుకే నిధులిచ్చే సంఘానికి అర్జీలు. ముందుగా రాళ్ల ఫొటోలకు పేర్లు పెట్టి యంత్రానికి చూపాలి. పుస్తకం చూసి నేను పెట్టిన పేర్లు విని బాబాయి దగ్గుతూ నవ్వాడు.

"నీ చదువు తగలెయ్య! ఆ రెండూ ఒకటే రాయిరా. ఒకటి తడిసింది, అంతే."

ఆ ఎండాకాలమంతా మా వరండాలో కూర్చుని, నేను క్వారీల్లో ఏరుకొచ్చి ఫొటోలు తీసిన రాళ్లను మూడు కుప్పలు చేశాడు. రెండింటికి పేర్లు చెప్పాడు. మూడోదాని సంగతి అడిగితే, "ఇయి నాకు తెలీదు. తెలవకుండా తెలుసని కొడితే పెచ్చు లేచి పక్కోడి కంట్లో పడుద్ది" అన్నాడు.

మూడో కుప్పే అన్నిటికంటే పెద్దది. అంత తెలియనితనాన్ని చూపిస్తే ఎవరు నిధులిస్తారని భయపడి, వాటన్నిటికీ నేనే పేర్లు పెట్టేశాను. బారసాలల్లో పురోహితుణ్ని మించిపోయాను. ఆ అర్జీ ఆయనకు చదివి వినిపించడం ఇంకో తెలివి.

"నేను తెలీదన్నవాటికి పేర్లెట్టా వచ్చినయ్‌రా?"

"యంత్రం తడబడితే డబ్బులివ్వరు బాబాయ్."

"దానికి అబద్ధం నేర్పి పంపితే, కాదని చెప్పటానికి ఆడ ఎవుడున్నాడు?"

కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా వరండా ఎక్కలేదు.

అర్జీ గురించి మాట్లాడటానికి పట్నం పిలిచారు. సంఘంలో ఒకావిడ మొదటే అడిగింది, "తెలియని రాయి ఎదురైతే మీ యంత్రం ఏం చేస్తుంది?" అని. అర్జీ పోయింది. ఊరికి వచ్చేసరికి బాబాయి గుంటూరు ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మేనట. నేను వెళ్లేటప్పటికి మాట లేదు. "ఆ కుప్ప మళ్లీ విడదీశాను బాబాయ్" అన్నాను. అప్పటికి ఒక్క రాయి కూడా విడదీయలేదు. నా వంక కాసేపు చూసి కళ్లు మూసుకున్నాడు. నమ్మాడో, అలిసిపోయాడో. ఆ వారంలోనే పోయాడు.

ఆయన పోయాకే ఆ పని చేశాను. మూడో కుప్పను ఉన్నదున్నట్టు చూపించి, రాళ్లు గుర్తించినవారి చోట ఆయన పేరు రాసి పంపితే నిధులు వచ్చాయి. ఆ మంజూరు ఉత్తరం పట్టుకుని ఆయన భార్య దగ్గరకు వెళ్లాను. పిన్ని మిరపకాయల తొడిమలు తీస్తూ, తలెత్తకుండా అడిగింది.

"చందమామ మీద రాళ్లకు డబ్బులొచ్చినయ్. ఈడ రాళ్లు కొట్టేటోళ్ల ఊపిరికి రావా అబ్బాయ్?"

అప్పటి నుంచి ఏటా పంపే ప్రతి అర్జీలో ఒక పద్దు చేరుస్తున్నాను, మాకు రాళ్లు గుర్తుపట్టి చెప్పే క్వారీ మనుషుల వైద్యానికని. పరిశోధనతో సంబంధం లేదని ఆ పద్దును ప్రతిసారీ కొట్టేస్తున్నారు. ఈ ఏడు దాన్ని మొదటి పేజీలో రాశాను.