మామకు కట్టిన మంటపం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. గెజిబో కట్టి చూడు అని మాత్రం ఏ పెద్దా అనలేదు. వాళ్లు అనకపోవడానికి ఏదో కారణం ఉంటుందని అప్పట్లో నాకు తట్టలేదు. కట్టాను. ఒక పెద్దమనిషిని మా ఇంట్లో కలకాలం ఉంచుకుందామని మొదలుపెట్టి, ఆయన మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా కునుకు తీయకుండా చేసుకున్నాను. ఎలాగో చెబుతాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. మా ఆవిడ వినేటట్టు మాత్రం నవ్వకండి.

ఏడెనిమిదేళ్ల కిందటి మాట. నా నెత్తిమీద జుట్టూ, నా తెలివి మీద నాకు నమ్మకమూ రెండూ ఒత్తుగా ఉన్న రోజులు. హిందూపురంలో మాకు పట్టుచీరల అంగడి. మా మామ చౌడప్ప ధర్మవరంలో మగ్గం నేసిన మనిషి. చూపు తగ్గాక నేత మానేశాడు. మా అత్త పోయాక ఒక్కడే ఇంత ఉడకేసుకుని తింటూ ఉండేవాడు. మా ఆవిడ సరోజ ఆయనకు ఒక్కతే కూతురు. ఆమెకు ఇక్కడ ముద్ద దిగేది కాదు. మాతో వచ్చి ఉండమని ఆమె అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు.

"అల్లునింట్లో కూడు నోట్లోకి పోతాదిగానీ గొంతులోకి దిగదమ్మా."

పోరగా పోరగా ఒక మెట్టు దిగాడు. వచ్చి చూస్తాడట. మనసుకు పడితే ఉంటాడు, పడకపోతే ఆ సాయంత్రమే బస్సెక్కించాలి, ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తకూడదు. సరోజకు ఆ ఒక్క రోజే దొరికింది. ఆ ఒక్క రోజును ఆమె నా చేతిలో పెట్టింది. కోతి చేతికి కొబ్బరికాయ అంటారు గానీ, కోతి కనీసం దాన్ని దొర్లించుకుంటూ పోయి ఊరుకుంటుంది.

మా ఇంటికి వీధివైపు ఒక గది ఉంది. కిటికీ ఉంది, గాలి వస్తుంది. దాన్ని నాయనకు ఇద్దామంది సరోజ. ఆ గది నిండా నా చీరల పెట్టెలు. సరుకు ఎక్కడ పెట్టాలి, పట్టుకు తేమ తగిలితే ఏమవుతుంది, జరీ ఎట్లా నల్లబడుతుంది అని ఆమెకు ఒక పూటంతా పాఠం చెప్పాను. మగ్గం గుంట పక్కన పుట్టి పెరిగిన మనిషికి. ఆమె అంతా విని, "నేను నాయనను పిల్చుకొచ్చేలోగా ఏదో ఒకటి చేయండి" అని ధర్మవరం వెళ్లిపోయింది.

ఏదో ఒకటి చేయమంది కదా. చేశాను.

అంతకు కొన్నాళ్ల ముందు పెళ్లి చీరలు చూపించడానికి బెంగుళూరులో ఒక పెద్దింటికి వెళ్లాను. వాళ్ల పెరట్లో, గోడలు లేకుండా స్తంభాల మీద గొడుగులాంటి కప్పు, దాని కింద కుర్చీలు. ఇదేమిటంటే గెజిబో అన్నారు. దాని కింద కూర్చుని కాఫీ తాగితే మనం తాగింది కాఫీ కాదనిపించింది. మామకు ఇదే సరైనదనుకున్నాను. పగలంతా పెరట్లో గాలికి కూర్చుంటాడు. అల్లుడి కప్పు కింద కాదు, తన కప్పు కింద. రాత్రికి ఎలాగూ హాల్లో మంచం వేయొచ్చు. చీరల పెట్టెలు కదలనక్కర లేదు. చూశారా ఎంత తెలివో.

వడ్రంగిని అడిగితే అతను చెప్పిన ధరకు నాకు దాహం వేసింది. ఫోనులో చూస్తే ఒక తెల్లాయన మధ్యాహ్నం మొదలుపెట్టి, పొద్దు గూకకముందే తాను కట్టినదాని కింద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయనకు చేతనైంది నాకు చేతకాదా. అయితే ఆయన కట్టెతో కట్టాడు. మన వైపు కట్టె కడితే అది చెదలకు పెట్టిన విందు. మనకు రాయికి కొదవేముంది? రొళ్ల అనే ఊరి దగ్గర ఒక రైతు ద్రాక్షతోట తీసేసి, పందిరికి నిలబెట్టిన రాతి కూసాలు అమ్ముతున్నాడు. నాలుగు తెప్పించాను. గుంటలు లోతుగా తీయాలని ఎవరో చెబితే, నేను తీయడం మొదలుపెట్టి ఆపడం మరిచిపోయాను. పాతాక చూస్తే కూసం తల నా భుజానికి వచ్చింది. పోనీలే, కూర్చునేవాడికి ఎత్తెందుకు?

పైన ముందు రేకు వేశాను. ఆషాఢం గాలికి ఆ రేకు లేచిపోయి పెనుకొండ కోట బురుజు మీద వాలిందని చెబితే మీరు నమ్మరు. పక్క వీధి దాటిందంటే నమ్మండి. అందుకని రేకు తీసి బండలు పరిపించాను. బండల సందుల్లోంచి వాన కారింది. సందులకు సిమెంటు పట్టించాను. ఇక గుండ్రని గోపురం కావాలి కదా, అది లేకపోతే గెజిబో ఎట్లా అవుతుంది? వెదురు గంప బోర్లించి దాని మీద సిమెంటు మెత్తాను. ఆరాక గంప లాగాలి. గంప రాలేదు. గంపకే నామీద జాలి కలిగి, ఇతనికి తోడుగా ఉందామని లోపలే ఉండిపోయిందేమో. కొసన కన్నం మిగిలితే దాని మీద ఒక చెంబు బోర్లించి అదీ సిమెంటుతో అంటించేశాను.

నేల చెమ్మగా ఉంది కాబట్టి లోపల రాళ్లతో ఒక అరుగు. మధ్యాహ్నం మామ నడుం వాల్చాలి కదా. ఆయన పొడవెంతో సరోజకు ఫోను చేసి అడిగాను. ఎందుకంది. చెబితే సరదా పోతుందని చెప్పలేదు. ఆయన పొడవుకు ఒక జానెడు ఎక్కువ వేసి కట్టాను. చుట్టూ తెల్ల సున్నం. నాలుగు మూలలా నందివర్ధనం మొక్కలు.

మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాకు కాలేదు.

మా ప్రహరీ అవతల గంగవ్వ అని ఒక ముసలామె. రోజూ గోడ మీదుగా చూసి మాట్లాడకుండా పోయేది. సున్నం వేసిన రోజు మాత్రం ఆగింది.

"ఏమప్పా, మీ మామకా?"

"ఔనవ్వా, మామకే."

"ఎట్లుండాడు ఆయప్ప?"

"ఏదో ఉండాడు. వచ్చే వారం తెస్తాండాం."

అవ్వ గోడ పట్టుకుంది. "దేంట్లో తెస్తాండారు?"

"బస్సులోనే. సరోజ పక్కన కూసోని పట్టుకోనొస్తాది."

"బస్సులో రానిస్తారా?" అంది అవ్వ. రానీక ఏం, టికెట్టు తీసుకుంటాం కదా అన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, ఈ కాలంలో మామకు ఇంత చేసే అల్లుడు యాడుండాడు అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం వీధిలో ఇద్దరు ముగ్గురు నన్ను చూసి తలలు వంచారు. నా ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా గుండీ ఒకటి నిజంగానే ఊడింది.

పొంగినవాణ్ణి ఊరుకోవచ్చు కదా. పెనుకొండలో రాళ్ల మీద పేర్లు చెక్కే ఒకతని దగ్గరికి పోయాను. నల్లరాయి మీద మామ పేరు పెట్టి, కింద విశ్రాంతి మంటపం అని చెక్కమన్నాను. అతను పుట్టిన సంవత్సరం అడిగాడు. మర్యాదకేమో అనుకుని చెప్పాను.

"రెండో తేదీ?" అన్నాడు.

ప్రారంభోత్సవం తేదీ కాబోలు అనుకున్నాను. "అది ఇంగా తేలలేదు. జాగా వదులు. ఆయన వచ్చి చేరినాక ఏపిద్దాం."

అతను ఉలి కింద పెట్టాడు. "మనిషి ఉండాడా ఇంగా?"

"బాగుండాడు. ఆయనకు చెప్పకుండా చేపిస్తాండా."

అతను మళ్లీ ఉలి అందుకుని, నా మొహం చూడకుండా చెక్కాడు. నేను తెప్పించిన టీ చల్లారిపోయింది గాని ముట్టలేదు.

ఆ రోజు వచ్చింది. మామ చేతికర్రతో, ఒక సంచితో దిగాడు. సంచి బరువుగానే ఉంది. అంటే ఉండటానికే వచ్చాడు. సరోజ మొహం కొత్త దీపంలా ఉంది. నేను ఇద్దర్నీ నేరుగా పెరట్లోకి నడిపించాను.

సరోజ చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. సంతోషం అనుకున్నాను. మామ నాలుగడుగుల దూరంలోనే చెప్పులు విడిచాడు. తల వంచి లోపలికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. చూపు తక్కువ కదా, అరుగు తలవైపు నేను నిలబెట్టిన నల్లరాయి మీద వేళ్లు పెట్టి తడిమి చదువుకున్నాడు. పేరు అయింది. సంవత్సరం అయింది. వేలు ఖాళీ జాగాలోకి వచ్చి ఆగింది.

"ఈడ ఏమీ లేదే, అల్లుడా."

"అది తర్వాత..." అన్నాను. ఆ 'తర్వాత' నోట్లోంచి బయటికి రాగానే నాకు వెలిగింది. గంగవ్వ కన్నీళ్లూ, తల వంచిన వీధీ, ముట్టని టీ, అన్నీ వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను గోతి మీద గోపురం కూడా కట్టుకుని మరీ పడ్డాను.

మామ అరుగు పొడవు చేత్తో కొలిచాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"మన ఇండ్లల్లో పోయినోళ్లను కూసోబెట్టి పూడుస్తారు గదప్పా. నువ్వేంది, పండుకునేట్టు కట్టినావు?"

"మామా, ఇది అది కాదు. గాలికి కూర్చోడానికి. దీన్ని గెజిబో అంటారు."

"ఏమోలే. పేరు బాగుండాది."

మంచినీళ్లకని ఇంట్లోకి వచ్చాడు. వీధి గది తలుపు తీసే ఉంది. గడప దగ్గర నిలబడి ఇందులో ఏముందని అడిగాడు. చీరలు మామా, తేమ తగలకూడదని, అన్నాను. ఆయన కాసేపు ఆ పెట్టెల వైపు చూశాడు. వాటిలో ఆయన నేసినవి కూడా ఉండి ఉంటాయి.

"ఔ. చీరలు లోపలుండాల" అన్నాడు.

సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. మాట ప్రకారం సరోజ ఆపలేదు. సంచి నేను మోశాను. బస్టాండు దాకా ఇద్దరూ వెనక్కి చూడలేదు.

మరునాడు సరోజ వీధి గదిలోని పెట్టెలన్నీ హాల్లోకి లాగింది. నేను సాయం పట్టబోతే నా చేయి తోసేసింది. గది కడిగి మంచం వేసింది. రోజూ నాయనకు ఫోను చేసేది. వస్తాలేమ్మా అనేవాడు, అంతే. చెప్పొద్దూ, ఖాళీ మంచం ఉన్న గది ముందు పెట్టెల మధ్య ఇరుక్కుని అన్నం తినడం ఎట్లా ఉంటుందో అనుభవిస్తేగాని తెలియదు. సరోజ నాతో మాట్లాడటం మానేసింది కాబట్టి ఉప్పు తక్కువైందని కూడా గోడకే చెప్పుకునేవాణ్ణి.

ఒక రోజు ఆ గోడ వైపే చూస్తూ, "పెరట్లో దాన్ని తీయించండి" అంది. ఆనందంగా కూలీల కోసం పోయాను. వచ్చారు, చూశారు, గడ్డపారలు భుజాన వేసుకుని వెనుదిరిగారు. సమాధి మీద దెబ్బ వేయరట.

"లోపల ఎవురూ లేరప్పా" అన్నాను.

"ఎవురూ లేకుండా ఇంత సక్కగా కడతారా?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు. శాంతి చేయిస్తే అప్పుడు చూద్దామన్నాడు. ఈలోగా గంగవ్వ రోజూ గోడ మీదుగా వంగి దీపం పెట్టడం మొదలుపెట్టింది. ఎవరో కొబ్బరికాయ కొట్టి పోయారు. ఇంకొన్నాళ్లు ఆగితే తిరునాళ్ల జరిగేది.

అయ్యవారిని పిలిచాను. ఆయన అన్నీ సర్దుకుని కూర్చుని, ఎవరి పేరు మీద అని అడిగాడు. కూలీలు నా వైపు చూశారు. గంగవ్వ గోడ మీదుగా చూసింది. మామ పేరు చెబితే సరోజ నన్ను నిజంగానే అందులో పడుకోబెడుతుంది. ఎవరూ లేరంటే కూలీలు వెళ్లిపోతారు. సరోజ అన్ని రోజుల తర్వాత మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

నా పేరే చెప్పాను.

అయ్యవారు కొంచెం తడబడ్డా మంత్రం ఆపలేదు. నేనే పువ్వులు వేశాను, నేనే నీళ్లు వదిలాను, నా ఆత్మకు నేనే దండం పెట్టుకున్నాను. హిందూపురంలో తన శాంతికి తానే వడ్డన చేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

భోజనాలకు మామ వచ్చాడు. ఈ ఒక్కదానికి పిలవగానే వచ్చాడు. అల్లుని శాంతికి రాకుంటే లోకం ఏమంటుంది అన్నాడట. వడలు, ఓళిగలు, చిత్రాన్నం, అన్నీ సావకాశంగా తిన్నాడు. తిన్నాక సరోజ ఆయన చేయి పట్టుకుని వీధి గదికి తీసుకెళ్లింది. మంచం మీద కొత్త దుప్పటి. కిటికీలోంచి గాలి. ఆయన గడప దాటలేదు. బాగుండాదమ్మా అన్నాడు. ఆమె చేతిలోంచి తన చేయి మెల్లగా తీసుకుని, చెప్పులు వేసుకున్నాడు.

వాకిట్లో నా భుజం తట్టి, అందరూ వినేటట్టు సరోజతో చెప్పాడు.

"వంట శానా బాగుండాదమ్మా. అల్లుడు బతికున్నన్ని దినాలు నాకు ఇట్లా కూడు పెట్టలేదు."

నవ్వనివాళ్లు ఇద్దరమే. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. నేను పెరట్లోకి వెళ్లి, ఎంగిలాకులు ఎత్తాను.

కాబట్టి, గంప సాక్షిగా, చెంబు సాక్షిగా, స్వర్గస్థుడైన నా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికున్నవాళ్ల కోసం ఈ జన్మలో మళ్లీ ఏదీ కట్టను. పోయినవాళ్ల కోసం కట్టి పెట్టమని ఈమధ్య మడకశిర వైపు నుంచి ఇద్దరు వచ్చారు. దాన్ని కూల్చకముందే పనితనం చూసి పెట్టుకున్నారట. వాళ్లకూ కట్టనని చెప్పాను. ఎవరి కోసం కట్టామో వాళ్లకు నచ్చిందో లేదో అడగాలంటే, ముందు వాళ్లుండాలి కదా.