తక్కెడకెక్కిన మూటలు

మొన్న మా మనవడు కొండలెక్కే ప్రయాణానికి వీపుసంచి సర్దుకుంటూ, గాలి ఊదుకునే దిండొకటి అందులో కుక్కాడు. ఇదెందుకురా అంటే, "గిదొక్కటే నా షోకు తాతా, మిగిలినయన్నీ అవసరాలే" అన్నాడు. దాంతో నాకూ ఊపొచ్చింది. మేము నాంపల్లి నుంచి శ్రీశైలం దాకా పులుల మధ్య నడిచామనీ, నా భుజాన గ్రామఫోను పెట్టె ఉండేదనీ చెప్పేశాను. వాడు నోరు తెరిచి విన్నాడు. మీకు మాత్రం నిజం చెబుతాను. మేం వెళ్లింది అనంతగిరి, అదీ వికారాబాదు దాకా రైల్లో. పొదలోంచి గుర్రుమన్నది పులి కాదు, ఎవరిదో దున్నపోతు. నా షోకు ఆబిడ్స్‌లో కొన్న వాసన నూనె సీసా. అదీ కొండ దాకా రాలేదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. ప్రయాణం పెట్టింది మా చిన్నాయన. బడిపంతులు, మాట తక్కువ, కోపం ఎక్కువ. చిన్నమ్మ అలిగి చాదర్‌ఘాట్‌లోని పుట్టింటికి వెళ్లి అప్పటికి నెలలైంది. "ఆ ఇంట్ల నేనున్నా ఒక్కటే, దూలమున్నా ఒక్కటే" అని వెళ్లిందట. ఈయన పిలవడానికి పోలేదు. ఆమె తమ్ముడు మాతో వచ్చింది కొండ చూడటానికి కాదు, బావ మనసు చూడటానికి. "మా అక్క ముచ్చట ఒక్కటన్నా తీస్తడేమో చూస్త. తియ్యకుంటే ఇగ పంపేది లేదు" అని నాంపల్లి స్టేషన్లో నా చెవిలో అన్నాడు.

బయలుదేరే ముందు చిన్నాయన మా నాయన కిరాణా కొట్టు తక్కెడలో అందరి మూటలూ తూచాడు. ఐదు సేర్లు దాటితే షోకులు తీసేయాల్సిందే. నా నూనె సీసా, ఆ బామ్మర్ది పేకముక్కలు అక్కడే ఆగిపోయాయి. తన మూట బరువెక్కితే చిన్నాయన తన కంబళే తీసేశాడు. ఏం నిగ్రహమని మేం మురిసిపోయాం.

కొండ మీద వాన దంచి వదిలింది. తెరిపివ్వగానే అందరం బట్టలు బండల మీద పరిచాం. చిన్నాయన మాత్రం మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"జర ఇప్పున్రి బావా, నాని కుళ్లుతయి."

"నీ పని నువ్వు చూసుకోరా."

బామ్మర్ది ఊరుకోక మూట చెంగు పట్టి లాగాడు. ముడి ఊడింది. జారి పడింది పసుపుపచ్చ పట్టుచీర! బడి పిల్లలు తలెత్తి చూడటానికే జడిసే ఈ మనిషి మూటలో ఆడవాళ్ల చీరా?

"గిది మా అక్కది గదా!"

చిన్నాయన లోయకేసి చూస్తూ, "కంబళి గుచ్చుకుంటది. గిదైతే మెత్తగుంటది" అన్నాడు.

"రోజూ కప్పుకుంటున్నరా?"

"మీ అక్క ఇల్లు విడిచిన కాడ్నించి."

"గీ మాటేదో ఆమెకే చెప్పొచ్చు గదా బావా!"

"చెప్పనీకి నాకొస్తె గదరా" అన్నాడాయన. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు.

నాంపల్లిలో దిగాక ఆయన ఇంటివైపు తిరగలేదు. బామ్మర్ది టాంగా పిలిచాడు, చాదర్‌ఘాట్ పొమ్మన్నాడు. గడపలో నిలబడ్డ చిన్నమ్మ ముందుగా చిన్నాయన చేతిలోని చీరనే చూసింది. "పట్టుచీర గిట్ల తడుపుతరా ఎవరన్న?" అని తిడుతూనే వచ్చి అదే టాంగా ఎక్కింది.

నా నూనె సీసా వాసన ఎంత తలచుకున్నా ఇప్పుడు గుర్తు రాదు. కాలం కూడా మా చిన్నాయనలాగే తూచి తూచి ఒక్కొక్కటే తీయించింది. ఆ తడిసిన పట్టు వాసనను మాత్రం ఎందుకో నా మూటలోనే ఉండనిచ్చింది.