నేను వేయించిన వేలిముద్రలు

మిరపకాయల ఘాటు తగిలితే చాలు, నా తెలివితక్కువతనం తుమ్ములుగా బయటపడుతుంది. మా వీధి ఆడవాళ్లు మిరపకాయలు ఆరబోసుకునే ఊరుమ్మడి స్థలాన్ని రోడ్డు వెడల్పుకు ఇప్పించింది అప్పట్లో ఆరో తరగతి చదివే నేనే.

"మీటింగు హాజరు కాగితంరా, మీ వీధి ఆడవాళ్లందరిచేతా వేలిముద్రలు వేయించు" అన్నాడు పంచాయతీ ప్రెసిడెంటు. చదవకుండానే గర్వంగా వేయించాను. స్థలం ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు అందులో రాసుందని బుల్డోజరు వచ్చాక తెలిసింది. అది ఆరబోసిన కాయల మీదుగానే పోయింది.

"మీరే ఒప్పుకున్నారు గదమ్మా" అని నవ్వాడు ప్రెసిడెంటు.

పక్కింటి సుబ్బులత్త మట్టిలో కాయలు ఏరుకుంటూ, "చదువుకునేటోడివని నమ్మాం గదరా" అంది.

రోడ్డు ప్రారంభోత్సవం రోజున ప్రెసిడెంటుకు ముఖం తుడుచుకోమని తువ్వాలు అందించాను. దానికి ముందే కారం పట్టించాను. పంచాయతీ ఆఫీసులోని ఆనాటి ఫొటోలో ఆయన ఈనాటికీ ఊరి కోసం కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు.