గుమాస్తా మామ అడగబోయిన ప్రశ్న

మా ఆఫీసు గుమాస్తా మామ పోయాడన్న కబురు నాకు ప్రొద్దుటూరు కోర్టు వరండాలో తెలిసింది. ఆషాఢం చివర, ఒక శుక్రవారం. నా కేసు పిలుపు కోసం నిలబడి ఉంటే బంట్రోతు దగ్గరకొచ్చి, "సామీ, మీ సాయిబు పొద్దున నమాజుకని లేచి మొగం కడుక్కోని, గోడకు ఆనుకోని కూచున్నాడంట. ఇంగ లేయలేదంట" అన్నాడు. కోటు విప్పకుండానే వాళ్ల వీధికి నడిచాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకువెళ్లారు. కాసేపు నేనూ భుజం పట్టాను. పక్కన నడుస్తున్నాయన ఎవరో, "మీ ఆఫీసులో ఇట్లాంటి మనిషి వల్ల ఒక్క తప్పు తప్ప ఇంగొకటి జరగలేదు గదప్పా" అన్నాడు. నేను తల ఊపాను. ఆ తప్పు మాట వచ్చినప్పుడల్లా తల ఊపి ఊరుకోవడం నాకు ఏడేళ్లుగా అలవాటైపోయింది. ఆ అలవాటు సంగతి చెప్పుకోవడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మామ నాకు చుట్టం కాదు. మా సీనియరు వకీలు దగ్గర ముప్పై ఏళ్లుగా గుమాస్తా. ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను ఆ ఆఫీసులో చేరాను. పెద్ద బోర్డు మీద పేరు సీనియరుది, చిన్న బోర్డు మీద పేరు నాది, ఏ బోర్డూ లేకుండా ఆఫీసు నడిపింది మామ. హైకోర్టు మద్రాసు నుంచి గుంటూరుకు, గుంటూరు నుంచి హైదరాబాదుకు మారినప్పుడల్లా కొత్త చిరునామాను అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో రాసి గోడకు తగిలించేవాడు. "ఈ కోర్టు కాలు ఒకచోట నిలవడంలే నాయనా, ఇంగో మేకు కొట్టి పెట్టు" అని నన్ను ఆటపట్టించేవాడు.

హిందువుల పెళ్లిళ్లకూ ఆస్తులకూ కొత్త చట్టాలు వచ్చిన రోజులవి. జమ్మలమడుగు నుంచి, చాపాడు నుంచి, వీరపునాయునిపల్లె నుంచి ఆడవాళ్లు అన్నదమ్ములను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. అందరి ప్రశ్నలూ ఇంచుమించు అవే. మొగుడు వెళ్లగొడితే తిండికి ఇవ్వాలా? పుట్టింటివాళ్లు పెట్టిన సామాను తిరిగి వస్తుందా? బిడ్డ ఎవరి దగ్గర ఉండాలి? నేను సెక్షన్ల నంబర్లు చెప్పేవాణ్ని, వాళ్లు బిక్కమొహాలు వేసేవాళ్లు. మామ ముందు కుండలో నీళ్లు ముంచి ఇచ్చి, "తిన్యావా తల్లీ? తినకుండా చెప్తే సగం మర్చిపోతావు" అనేవాడు. తర్వాత ఒక్కొక్కటే విడమరిచి చెప్పేవాడు. చివర్న నవ్వుతూ, "మీకు కొత్త చట్టం వచ్చె. మా ఆడోళ్లు పాతదాంతోనే తిప్పలు పడతాండారు" అనేవాడు.

ఒకసారి చాపాడు పక్క పల్లె నుంచి వచ్చినామె గిన్నెలన్నీ తమవేనని అత్తగారివాళ్లు మొండికేశారు. మామ గొడవపడలేదు. పెద్దమనుషుల ముందు ఆ గిన్నెలన్నీ తెప్పించి అరుగు మీద బోర్లించాడు. "అంచు కింద చూడండప్పా, ఎవురి పేరు కొట్టించినారో" అన్నాడు. పదకొండు గిన్నెల మీద ఆమె తండ్రి పేరే ఉంది. ఒక చిన్న చెంబు మీద మాత్రం అత్తగారి పేరుంటే దాన్ని తనే తీసి ఆ అత్తగారికే అందించి, "ఇది నీదేనమ్మా" అన్నాడు. ఆవిడ కూడా నవ్వేసింది.

వయసుల విషయంలో మాత్రం మామ ఎవరి మాటా నమ్మేవాడు కాదు. మా సీమలో బిడ్డ వయసు అడిగితే నడుస్తున్న ఏడు చెప్తారు. మూడు నిండి నెల దాటితే నాలుగేళ్లంటారు. అందులో దాపరికం ఏమీ లేదు, లెక్క అంతే. అందుకని మామ, "బిడ్డ ఎన్ని ఉగాదులు చూసింది తల్లీ?" అని అడిగేవాడు. మొదటి ఉగాదికి పాకుతోందా, నడుస్తోందా, పళ్లు వచ్చాయా అని కూపీ లాగి పుట్టిన నెల తేల్చేవాడు. "మీ ఉగాది ఉండేచోటే ఉంటాది గాబట్టి సరిపాయె. మా రంజాను ఏటా పదినాళ్లు ముందుకు జరుగుతాది. దాంతో లెక్కేస్తే నేను మీకంటే బిరీన ముసిలోన్నయితా" అనేవాడు. రాసింది పైకి చదివి వినిపించకుండా ఎవరిచేతా వేలిముద్ర వేయించేవాడు కాదు.

ఇక ఓబులమ్మ సంగతి.

ఆమెది జమ్మలమడుగులో మగ్గాలవాళ్ల ఇల్లు. పులివెందుల దగ్గరి పల్లెకు ఇచ్చారు. అత్తతో పడక, మొగుడు చేయి చేసుకుంటే, కూతురు సుబ్బులును చంకనేసుకుని ప్రొద్దుటూరులో అన్న ఇంటికి వచ్చేసింది. బిడ్డను తనకు అప్పగించాలని మొగుడు కడప జిల్లా కోర్టులో అర్జీ పెట్టాడు. దానికి మేము జవాబు రాయాలి. అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కొత్త చట్టం చెప్తోంది. ఆ ముక్క పక్కన నేనే ఎర్ర పెన్సిలుతో గీత గీసుకున్నాను కూడా. సీనియరు హైదరాబాదు వెళ్లి ఉన్నాడు. జవాబు దాఖలు చేయడానికి ఆ రోజే గడువు. నేను కోటు వేసుకుని, కడప బస్సు వేళయిందని గుమ్మంలో కాలు గాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

మామ రాస్తూ రాస్తూ, "పాపకు ఎన్నేండ్లు తల్లీ?" అన్నాడు.

"ఐదేండ్లప్పా" అంటూనే ఆమె వీధిలోకి ఉరికిన పాప వెనక పోయింది.

మామ కలం పైకెత్తాడు. "ఉండమ్మా, పాప ఎన్ని ఉగా..."

"మామా!" అని అరిచాను నేను. "ఉగాదులు లెక్క పెడతా కూచుంటే బస్సు పోతాది. ఆమె చెప్పింది రాసెయ్."

మామ తలెత్తి నా వంక ఒకసారి చూశాడు. రాశాడు. చదివి వినిపించడానికి కూడా నేను ఆగనివ్వలేదు. ఆమె పాపను ఎత్తుకుని తిరిగొచ్చి వేలిముద్ర వేసింది, నేను సంతకం పెట్టాను, కాగితాలు లాక్కుని పరుగెత్తాను. ఆ రోజు కడప బస్సు అరగంట ఆలస్యంగా బయలుదేరింది.

విచారణలో అవతలి వకీలు మా కాగితమే చదివాడు. బిడ్డకు అయిదేళ్లని తల్లే ఒప్పుకుంది కదా, ఇక తండ్రికి అడ్డేముంది అన్నాడు. అప్పుడు మేము లెక్క చూసుకున్నాం. సుబ్బులు కార్తీకంలో పుట్టింది. కాగితం రాసేనాటికి చూసినవి నాలుగు ఉగాదులే. దిద్దుకుంటామని అడిగితే, చట్టం గుర్తొచ్చాక వయసు తగ్గిస్తున్నారా అన్నారు. పుట్టుక ఎక్కడా రాయించలేదు. మంత్రసాని చనిపోయింది. ఎండాకాలంలో తీర్పు వచ్చింది, బిడ్డ తండ్రికి. ఆనాటికి కూడా సుబ్బులుకు అయిదు నిండలేదు. పైకోర్టుకు పోతే అక్కడ పిలుపు వచ్చేసరికి ఎలాగూ నిండుతాయి. విడిగా వేసిన దావాలో ఓబులమ్మకు మనోవర్తీ వచ్చింది, గిన్నెలూ వచ్చాయి. "ఆ గిన్నెలు నేనేం జేసుకోవల్లప్పా, యాడన్నా పారేయండి" అంది.

తీర్పు వచ్చిన మర్నాడు సీనియరు మమ్మల్ని పిలిచాడు. ఓబులమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "ఉగాదులు అడక్కుండా ఎవరు రాసింది?" అన్నాడు సీనియరు. నేను నోరు తెరవాలి. ఎదురుగా ఉన్న కాగితాల కట్ట దారం వంక చూస్తున్నాను.

"నేనే సార్. అడక్కుండా రాసినా" అన్నాడు మామ.

ఓబులమ్మ మామ ముందుకొచ్చి, "నీకు బిడ్డలు లేరా?" అంది. ఎప్పుడూ పిలిచే అప్పా అన్న పిలుపు కూడా లేదు. మామకు ముగ్గురు కూతుళ్లు.

సాయంత్రం, "ఎందుకు మామా అట్ల జెప్పినావు?" అని అడిగాను. "నువ్వు నిన్న మొన్న బోర్డు కట్టినావు నాయనా. తొలిగానే మచ్చ పడితే నీకాడికి ఎవురొస్తారు? అయినా కలం నా చేతిలో ఉండె గదా. నువ్వు అరిస్తే నిలిపింది నేనే గదా" అన్నాడు. ఆ రెండో మాట పట్టుకుని నేను ఏళ్ల తరబడి నిశ్చింతగా నిద్రపోయాను. ఆమెకు నిజం చెప్పమని మామ ఒక్కనాడూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్నేమో అని అప్పుడప్పుడూ అనుకుంటాను. అదీ నన్ను నేను మోసం చేసుకోవడమే.

శ్రావణ శనివారాల్లో సుబ్బులును నాయనమ్మ గండి ఆంజనేయస్వామి గుడికి తీసుకువస్తుందని మామ ఎవరి ద్వారానో కనుక్కున్నాడు. బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లాడు. సుబ్బులు తండ్రి, "తీర్పు మాది, ఇంగేంది నీకు?" అని కసిరాడట. "తీర్పు మీదేనప్పా. నేను కోర్టు మాట మాట్లాడడానికి రాలే. ఆ శనివారాలు ఏటి ఒడ్డున బిడ్డను తల్లి పక్కన రోంతసేపు కూచోనియ్యండి. వద్దంటే మళ్లా వారం వస్తా" అన్నాడట మామ. అన్నట్టే నాలుగు వారాలు వరసగా వెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చున్నాడు. చివరికి ఆ ముసలమ్మే, "ఈ సాయిబు కాళ్లు అరిగిపోతాండాయి గదరా, కూచోనీ" అంది.

ఏడు శ్రావణాలు అలా గడిచాయి. ప్రొద్దుటూరులో బస్సెక్కి, యర్రగుంట్ల, వేంపల్లె మీదుగా గండికి. ఓబులమ్మ వెనక సీట్లో, మామ ముందు సీట్లో. ఆమె ఆయనతో ఒక్క మాట మాట్లాడేది కాదు. తల్లీబిడ్డా పాపాఘ్ని ఏటి ఒడ్డున కూర్చుంటే, మామ దూరంగా ఒక రాతి మీద వాళ్లకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఒక ఏడాది నేనూ వెళ్లి చూశాను. "ఇప్పుడన్నా మాట్లాడతాందా మామా?" అన్నాను. "పాపతో మాట్లాడతాంది గదా, సాలు" అన్నాడు.

ఈ శ్రావణం మొదటి శనివారం నేను బస్టాండుకు వెళ్లాను. ఓబులమ్మ అప్పటికే వచ్చి ఉంది. మామ పోయిన సంగతి ఆమెకు తెలుసు. బస్సు యర్రగుంట్ల దాటాక ఆమె సీటు దగ్గరకు వెళ్లి నిలబడి, ఆ రోజు జరిగిందంతా చెప్పాను. అడగబోయింది ఆయన, అడగనివ్వనిది నేను అని చెప్పాను. వేంపల్లె వచ్చింది, జనం దిగారు, ఎక్కారు.

"ఆయప్ప బతికుండంగ ఎందుకు చెప్పలే?" అంది.

"భయమమ్మా" అన్నాను.

"పోయినేడు ఇదే బస్సులో దగ్గొచ్చి వంగిపాయె ఆయప్ప. నీళ్ల చెంబు నా ఒళ్లోనే ఉండె. ఇయ్యలే నేను" అంది.

గండిలో సుబ్బులు ఎప్పటిలాగే నాయనమ్మ చెయ్యి విడిపించుకుని పరుగెత్తుకొచ్చింది. పన్నెండో ఏడు నడుస్తోంది. వాళ్లిద్దరూ ఏటి ఒడ్డున కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరుగు ప్రయాణంలో ఓబులమ్మ ముందు సీట్లో కూర్చుంది. ప్రొద్దుటూరులో దిగి, అన్న ఇంటివైపు పోకుండా ఎవరినో దారి అడిగి సాయిబుల శ్మశానం వైపు నడిచింది. నేను వెనకే వెళ్లాను, రమ్మనలేదు, వద్దనలేదు.

ఆడవాళ్లు లోపలికి రాకూడదని కావలి ముసలాయన అన్నాడు. ఎక్కడో చెప్పమంది. గోడ అవతల, చింతచెట్టుకు ఇవతల, ఇంకా ఎర్రగా ఉన్న మట్టిని ఆయన చూపించాడు. గోడ ఆమె రొమ్ము ఎత్తు ఉంది. కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులూ గోడ మీద ఆనించి, కాస్త ముందుకు వంగింది.

"అప్పా," అంది. "నేనప్పా, ఓబులమ్మని. పాప నా భుజం కాడికి వచ్చిందప్పా. నువ్వు అటుదిక్కు తిరిగి కూచుంటివి, సరిగా చూడనే లేదు. శానా పొడుగయింది. బడిలో లెక్కలు దానికే వస్తాయంట. జడ నేనే వేసినా ఈ పొద్దు. మొన్న జరమొచ్చి రెండు దినాలు పండుకున్యాదంట, ఇప్పుడు బాగుండాది..."

ఎండ ఇంకా దిగలేదు. కావలి ముసలాయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఓబులమ్మ చెబుతూనే ఉంది.