నేలవేము కోసం మాచర్ల వెళ్తే

నరసరావుపేటలో ఫార్మసీ పాఠాలు చెబుతాను. మా ల్యాబ్‌లో నేలవేము ఆకు నుంచి తీసిన సారాన్ని, గాజు పళ్లెంలో పెంచిన నోటి క్యాన్సర్ కణాల మీద వేసి చూస్తున్నాం. కొన్ని కణాలు చచ్చాయి. అంతకుమించి మాకేమీ తెలియదు. ఆకు అయిపోవడంతో ఈసారి కోసుకొచ్చే పని నా నెత్తిన పడింది.

పొద్దున ఆరింటికి బస్సెక్కితే నకరికల్లు, పిడుగురాళ్ల, గురజాల మీదుగా మాచర్ల చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడి నుంచి కొండ వైపు ఊళ్లకు షేర్ ఆటోలుంటాయి, మనిషికి నలభై. నా గోనెసంచి చూసి డ్రైవర్ యోహాను నేలవేముకా అని తనే అడిగాడు. పోయినేడు మా కాలేజీ వాళ్లు కారులో వచ్చి ఆకు కోసుకెళ్లినప్పటి నుంచి తన పెద్దమ్మ మరియమ్మ నోటి పుండుకు అదే నములుతోందట. ముందు ఆమె ఇంటికి పోనివ్వమన్నాను.

మరియమ్మ మిరపకోతకు వెళ్లే మనిషి. వయసులో ఉన్నప్పటి నుంచీ బుగ్గన పొగాకు పెట్టుకునే అలవాటు. నోరు తెరవమంటే నా వేలు పట్టేంతే తెరుచుకుంది. లోపల బుగ్గంతా పుండు. మావాళ్లు వచ్చినప్పుడు అది కందిగింజంత ఉండేదట. ఆస్పత్రికి ఎందుకు వెళ్లలేదని కాస్త గట్టిగానే అడిగాను.

"పనికిరాని ఆకైతే అంత దూరం నుంచి కారేసుకొని ఎందుకొస్తారమ్మాయ్? క్యాన్సర్‌కి మందని మీవోళ్లే అన్నారుగా."

మందు కాదు, అవుతుందేమో చూస్తున్నామని చెప్పాను. మనిషికి పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదన్నాను. ఆమె నా సంచి వైపు చూసింది.

"తెలవకుండానే అన్ని మూటలు కోసుకుపోయారా?"

సిగ్గేసింది. ఆ రోజు ఒక్క ఆకూ కోయలేదు. ఆస్పత్రికి రమ్మని బతిమాలితే, కోత కూలి పోతుందని సణిగి చివరికి ఒప్పుకుంది.

మర్నాడు యోహాను ఆమెను నరసరావుపేట తీసుకొచ్చాడు. డాక్టరు దవడ కింద తడిమి, మెడలో గడ్డలు తగులుతున్నాయన్నాడు. పుండు నుంచి ముక్క తీసి పరీక్షకు పంపారు. నిన్న రిపోర్టు వచ్చింది, క్యాన్సరే. ఆపరేషన్‌కు గుంటూరు వెళ్లాలి, దవడ ఎముక కూడా తీయాల్సి రావచ్చు. చిన్నగా ఉన్నప్పుడే వచ్చుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేదేమోనని డాక్టరు మరియమ్మ ముందే అన్నాడు. అన్నందుకు ఆయన మీద, ఆ మాట అనే దాకా తెచ్చినందుకు మా మీద నాకింకా కోపంగానే ఉంది.

ఆ ఆకు మీద నాకు నమ్మకం పోలేదు. ఏదో ఒకనాడు దాన్నుంచి మందు రావచ్చు, ఆ పని మేం మానం. కానీ మనం సంచులు నింపుకుని వెళ్తుంటే చూసేవాళ్లకు అదే సాక్ష్యం. మన నోటి నుంచి వచ్చిన "కావచ్చు" వాళ్ల చెవికి చేరేసరికి "అవును" అయిపోతుంది, ఆ తేడాకు మూల్యం వాళ్లు చెల్లిస్తారు.

ఆ వైపు మొక్కల కోసం వెళ్లేవాళ్లకు తిరుగు ప్రయాణానికి మధ్యాహ్నం బస్సు చాలు. నోట్లో రెండు వారాలైనా మానని పుండున్న మనిషి కనబడితే మాత్రం, ఆ రాత్రికి అక్కడే ఆగి, మర్నాడు మొదటి బస్సుకు ఇద్దరికీ టిక్కెట్టు తీయండి. ఆస్పత్రిలో ఓపీ మధ్యాహ్నానికల్లా మూసేస్తారు.