పాడితే గాని రాని ఏడో ఎక్కం

ఆ కాలంలో మా వైపు పల్లెల్లో ఎక్కాలను ఎవరూ చదివేవారు కాదు, పాడేవారు. సాయంత్రం బడి వదిలే ముందు పిల్లలంతా నేలమీద వరసగా కూర్చుని, ముందుకీ వెనక్కీ ఊగుతూ ఒక్క గొంతుతో ఎత్తుకుంటే ఆ పాట పొలాల దాకా వినబడేది. బొబ్బిలి దగ్గర ఆ ఊరి బడిలో నాది మొదటి ఉద్యోగం (పెద్ద పంతులమ్మనూ నేనే, గంట కొట్టేదీ నేనే). కొత్త గొడుగు, చేతికి గడియారం, ట్రైనింగులో నేర్చిన పద్ధతులు పట్టుకుని దిగాను. ఆ మూడింటిలో అక్కడ పనికొచ్చింది గొడుగొక్కటే. కొద్దిరోజులకే నేనూ వాళ్లతో పాటు ఊగడం మొదలుపెట్టాను. తాటాకుల సందుల్లోంచి పల్చటి ఎండ పడుతుంటే, మామిడిపూత వాసనకి కళ్లు మూతలు పడుతుంటే, నేను పంతులమ్మనో, ఐదో తరగతి పిల్లనో నాకే తెలిసేది కాదు. అంత హాయి మళ్లీ ఎరగను.

ఆ ఏడు జిల్లా అంతటికీ ఒకే ప్రశ్నపత్రం అన్నారు. ఐదో తరగతికి మార్కులు తగ్గితే ఆ బడిలో టెంపరరీ వాళ్లను ఇక ఉంచరని కూడా అన్నారు. నేను టెంపరరీనే. ఆ పిల్లల్ని వదిలిపోవాలన్న తలపుకే నాకు అన్నం సయించేది కాదు. వాళ్లకు మాత్రం ఏ బెంగా లేదు. "లెక్కలు మాకొచ్చు కదమ్మా, నీకెందుకు బయం?" అని నాకే ధైర్యం చెప్పేవారు.

పరీక్ష రోజున శ్రీకాకుళం నుంచి ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, కాగితాలు పంచి, "చప్పుడు వినబడకూడదు" అన్నారు. మొదటి లెక్కలోనే ఏడు తొమ్మిదులు తగిలింది. పిల్లలంతా పెన్సిళ్లు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బుంగమూతి (నేను పెట్టిన ముద్దుపేరు, రోజూ ఎక్కాలు ముందు ఎత్తుకునేది ఆ పిల్లే) లేచి నిలబడింది.

"పాడకపోతే రాదు బాబూ."

"తొమ్మిదోది ఒక్కటీ గుర్తు చేసుకోవచ్చు కదా?"

"ఏడొకట్ల కాడినుంచి ఎల్లకుండా తొమ్ముదుల కాడికి ఎలాగెల్తాం?"

ఆయన నావంక చూశారు. నేను తాటాకు కప్పు వంక చూశాను.

"సరే, మనసులో పాడుకోండి."

"ఊగొచ్చా బాబూ?"

ఊగకూడదని ఆయన రూళ్లలో లేదు కాబోలు, చాలాసేపు ఆలోచించి తలూపారు. ఇక చూడాలి ఆ గది. పెదవులు బిగించి, కళ్లు సగం మూసి, గాలికి వరిచేను ఊగినట్టు పిల్లలంతా ఊగుతున్నారు. బిగించిన పెదవుల వెనక నుంచి సన్నటి రాగం ఒకటి తేనెటీగల చప్పుడులా లేచింది. ఆయన వద్దనబోయి ఆగిపోయారు. ఒక్కో లెక్కకీ ఎక్కం మొదటి నుంచి నడిచి రావాలి కదా, గంట కొట్టే వేళకు పిల్లల్లో చాలామంది సగం కూడా దాటలేదు.

ఆయన అక్కడే కూర్చుని మార్కులు వేస్తుంటే, గుమ్మంలోంచి బుంగమూతి తొంగిచూసింది.

"మీరూ పాడతన్నారు గదా బాబూ."

నిజమే. నోటిలోనే పాడుతూ, సన్నగా ఊగుతూ లెక్కలు సరిచూస్తున్నారాయన. పెన్సిలు కింద పెట్టేసి, "మాది పాతపట్నం దగ్గరమ్మా, నాకూ ఇలాగే వచ్చింది" అన్నారు మెల్లగా. "రాసినవన్నీ ఒప్పే. కాని రాయనివాటికి మార్కులెలా వేస్తాను?"

నాకు ఒళ్లు మండింది. వాళ్లకు రానిది లెక్కలు కాదు, తొందర. దానికోసం ఎవరో ఎక్కడో కూర్చుని మా బడి పనికిరాదని తేల్చేశారు. వేసవిలో నన్ను తీసేసినట్టు ఉత్తర్వు వచ్చింది. నేను బస్సెక్కిన రోజున పిల్లలంతా రోడ్డు పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తోచక ఏడో ఎక్కం ఎత్తుకున్నారు. ఏడు మూళ్ల దగ్గర బస్సు కదిలింది. మిగతాది కొంగు నోట్లో కుక్కుకుని నేనే మనసులో పాడుకున్నాను.

ఆ తర్వాత ఎన్నో బడులు చూశాను, నిశ్శబ్దంగా రాసే పిల్లల్నీ చూశాను. ఇప్పుడు బజారులో కూరగాయలబ్బాయి లెక్క అడిగితే మాత్రం ఠక్కున చెప్పలేను. ఏడొకట్ల దగ్గర మొదలుపెట్టి సంచీతో సహా ఊగుతాను. "తొందరేం లేదు మామ్మగారూ" అంటాడతను. ఆ ఒక్క మాట ఆ రోజున ఎవరైనా అని ఉంటేనా అనుకుంటూ, మెల్లగా తొమ్మిదుల దాకా నడిచి వెళతాను.