మంచి కంటికి బిళ్ళ

పొద్దున ఆరింటికి, పొయ్యి ముట్టించకముందే కామమ్మ చేసే పని ఒకటుంది. నిద్రమత్తులో ఉన్న కూతురు రోజాను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బాగా కనిపించే కుడికన్ను పూర్తిగా మూసుకుపోయేలా బిళ్ళ అంటిస్తుంది. దాదాపు మూడేళ్ళుగా ఇదే.

రోజా ఎడమకంట్లో పుట్టుకతోనే శుక్లం. రెండేళ్ళప్పుడు నెల్లూరులో ఆపరేషన్ చేసి కళ్ళజోడిచ్చారు. మంచి కంటిని రోజుకు ఆరు గంటలు మూసి ఉంచమన్నారు. కామమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. పులికాట్ నీళ్ళలో బురద తడిమి రొయ్యలు పట్టే మనిషి ఆమె. ముల్లు గుచ్చుకున్న వేలికే గుడ్డ చుట్టి, మానేదాకా తడవనివ్వరు. కోసిన కన్నూ అంతేననుకుని నాలుగు నెలలు ఎడమకంటికే బిళ్ళ అంటించింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ ఎడమకంటి మీది బిళ్ళ తీసి పరీక్ష చేసింది.

"కన్ను బాగానే ఉందమ్మా. కానీ చూసేది మెదడు. కంటి నుంచి మెదడుకు దారులు గట్టిపడేది ఈ వయసులోనే, అదీ ఆ కన్ను పనిచేస్తేనే. లేదంటే దాని చోటు కూడా రెండో కన్నే తీసేసుకుంటుంది. ఏడెనిమిదేళ్ళు దాటితే సరిచేయడం చాలా కష్టం."

తిరుగు బస్సులో భర్త మాల్యాద్రి అన్నాడు. "పడవ తిరగని కాడ నాచు మూసేస్తది గదా. అట్టాంటిదేమో మే."

"నాలుగు నెలలు నేనే మూసినా."

"తెలిసి చేసినావా ఏంది?"



ఆ మర్నాటి నుంచి బిళ్ళ కుడికంటికి మారింది. రోజా ఏడ్చేది, పీకేసేది. చెంప కందిపోయేది. కాపలా లేకపోతే బిళ్ళ నిలవదని కామమ్మ పొద్దుటి వేట మానుకుంది.

"ఏమక్కా, కలెక్టరు మాదిరి మధ్యాన్నం దిగతుండావు?" అని తోటి ఆడవాళ్ళు ఎగతాళి చేశారు.

"కలెక్టరుకు నడుంనొప్పి ఉండదులే," అంది కామమ్మ.

ఇంట్లో రోజా ముందు రొయ్యల పళ్ళెం పెట్టి, పెద్దవీ చిన్నవీ వేరుచేయమనేది. మొదట్లో పిల్ల చెయ్యి పళ్ళెం పక్కన పడేది. ఏడాదిన్నర తర్వాత ఒకరోజు రోజా ఒక రొయ్యను ఎత్తి పట్టుకుంది.

"మా, దీనికి మీసం ఇరిగింది."

కామమ్మ లేచి వెళ్ళి, బిళ్ళ ఊడిందేమోనని అంచులు తడిమి చూసింది. ఊడలేదు.

రోజాకు ఇప్పుడు ఐదేళ్ళు. ఎడమకంటితో ఆసుపత్రి చార్టులో పై మూడు వరుసల బొమ్మలు గుర్తుపడుతుంది. నాలుగోది ఇంకా రాలేదు. కామమ్మ పన్నెండు దాటాకే నీళ్ళలోకి దిగుతుంది.